ఇంట కూడిన సంఘం: తొలి క్రైస్తవుల ఆరాధన, సహవాసం

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు: (1) తొలి మూడు శతాబ్దాల క్రైస్తవులు ఇళ్లలో ఎలా ఆరాధించేవారో వివరించగలుగుతారు; (2) వారి కూడికలకు సంబంధించిన ఆధారాలు ఏ పరిస్థితుల్లో మిగిలాయో చర్చించగలుగుతారు.

1. విషయ పరిచయం

చర్చి అనగానే మనకు గోపురం, గంట, వరుసగా వేసిన బల్లలు గుర్తుకువస్తాయి. కాని క్రైస్తవ మతం మొదలైన తరువాత సుమారు రెండు వందల ఏళ్లపాటు ఆరాధన కోసం ప్రత్యేకంగా కట్టిన భవనాల జాడ కనిపించదు. వారు ఇళ్లలోనే కూడేవారు. కొత్త నిబంధనలో పౌలు పేరిట ఉన్న ఉత్తరాలు అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట, ఫిలేమోను ఇంట, నుంఫా ఇంట కూడే సంఘాలను పేర్కొంటాయి. గ్రీకులో వాడిన 'ఎక్లేసియా' అనే మాటకు కూడిన జనం అని అర్థం. తెలుగు బైబిలులో దానికి వాడిన 'సంఘము' కూడా మనుషులను సూచించేదే, కట్టడాన్ని కాదు.

ఇంట్లో జరిగే కూడికకు సభ్యుల జాబితాలు, శాసనాలు ఉండవు. మరి వాటి గురించి మనకెలా తెలిసింది? ప్రధాన ఆధారాలలో మూడింటిని పరిశీలిద్దాం. ఒకటి తగాదా వల్ల, మరొకటి ప్రభుత్వ విచారణ వల్ల, మూడవది యుద్ధం వల్ల మనకు దక్కాయి.

2. కొరింథు: పంక్తిలో తేడా

కొరింథు సంఘానికి పౌలు క్రీ.శ. 50ల మధ్యకాలంలో రాసిన మొదటి ఉత్తరం, 11వ అధ్యాయం ఇందుకు ముఖ్యమైన ఆధారం. అప్పట్లో ప్రభువు బల్ల అంటే చిన్న రొట్టె ముక్క, గుటకెడు ద్రాక్షారసం మాత్రమే కాదు, నిజమైన భోజనం. కలవారు తాము తెచ్చుకున్నది తామే ముందుగా తినేస్తున్నారని, కొందరు మత్తులో మునుగుతుంటే లేనివారు ఆకలితో మిగిలిపోతున్నారని పౌలు మందలించాడు.

దీనికి ఇంటి కట్టడం కూడా ఒక కారణమని కొందరు పండితుల అభిప్రాయం. రోమన్ల భోజనశాలలో మూడు పాన్పులు, ఒక్కొక్కదానిపై ముగ్గురు చొప్పున సాధారణంగా తొమ్మిది మందికే చోటుండేది. మిగిలినవారు బయటి ముంగిట్లో సర్దుకోవాలి. యజమాని స్నేహితులు లోపల, బానిసలు, కూలివారు బయట. పంక్తిభేదం ఎరిగిన మనకు ఈ దృశ్యం కొత్త కాదు. బానిస, యజమాని ఒకే బల్ల దగ్గర కూడడం ఆ కాలానికి సాహసమే. అయితే అంతస్తుల తేడా కూడా వారి వెంటే ఇంట్లోకి వచ్చింది. సహవాసం తనంత తాను ఏర్పడలేదు, దానికోసం పోట్లాడవలసి వచ్చింది.

3. ప్లినీ విచారణ

సుమారు 112లో బితూనియ ప్రాంతపు రోమన్ అధికారి ప్లినీ, చక్రవర్తి ట్రాజన్‌కు ఒక లేఖ రాశాడు. విచారణలో తెలిసిన సంగతులు అందులో ఉన్నాయి: క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవుడిగా కీర్తిస్తారు, దొంగతనం, వ్యభిచారం చేయబోమని, మాట తప్పబోమని ప్రమాణం చేస్తారు, తరువాత మళ్లీ కలిసి మామూలు భోజనమే చేస్తారు. సంఘాలను నిషేధించాక ఆ భోజనం మానేశారట. నిజం రాబట్టడానికి ప్లినీ ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించాడు. వారు సంఘంలో పరిచారికలని అదే లేఖ చెబుతుంది. బయట బానిసలైన స్త్రీలకు కూడికలో బాధ్యతగల స్థానం ఉండేదని ఈ ఒక్క వాక్యం తెలియజేస్తుంది.

సుమారు 155లో రోములో జస్టిన్ రాసిన వివరణ లోపలివాడి సాక్ష్యం. ఆదివారం కూడిక, గ్రంథపఠనం, పెద్ద చేసే ప్రసంగం, నిలబడి ప్రార్థన, రొట్టె, ద్రాక్షారసం, రాలేనివారికి వాటిని పంపడం, అనాథలకు, వితంతువులకు, రోగులకు, ఖైదీలకు చందా: ఇదీ క్రమం. ఇందులో పూర్తి భోజనం ప్రస్తావన లేదు.

4. దూరా-యూరోపస్: ఇల్లే చర్చి

సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న దూరా-యూరోపస్‌లో ఒక మామూలు ఇంటిని మూడవ శతాబ్దం పూర్వార్ధంలో ఆరాధనకు అనువుగా మార్చారు. రెండు గదుల మధ్య గోడ తీసేసి హాలు చేశారు. దాని ఒక చివర చిన్న వేదిక కట్టారు. మరో గదిలో బాప్తిస్మపు తొట్టి, గోడలపై మంచి కాపరి, పక్షవాత రోగి స్వస్థత వంటి చిత్రాలు ఉన్నాయి. సుమారు 256లో సాసానీయుల ముట్టడి సమయంలో కోటగోడను బలపరచడానికి పోసిన మట్టికింద ఇల్లు పూడిపోయింది. అందుకే అది మిగిలింది. 1930ల తొలినాళ్లలో తవ్వకాలలో బయటపడింది.

విందు గది స్థానంలో వేదికవైపు చూసే హాలు వచ్చింది. 313 తరువాత కాన్‌స్టాంటైన్ ఆదరణతో పెద్ద బసిలికాలు వెలిశాయి. జనం పెరిగారు, బల్ల దూరమైంది.

5. తెలుగు నేలపై అదే ప్రశ్న

1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిది మందితో బాప్టిస్టు సంఘం ఏర్పడింది. తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య సాక్ష్యం వల్ల ఆ నెలలోనే తాళ్లకొండపాడు దగ్గర 28 మంది బాప్తిస్మం పొందారు. మాదిగలను చేర్చుకుంటే తాము రాబోమని ఒంగోలులోని పై కులాలవారు మిషనరీ జాన్ క్లౌకు తేల్చి చెప్పారు. ఆ సందిగ్ధంలో తనకూ తన భార్యకూ విడివిడిగా కనిపించింది కొరింథీయుల మొదటి పత్రికలోని ఒకే భాగమని (1వ అధ్యాయం) క్లౌ రాసుకున్నాడు. ఆయన మాదిగల పక్షం నిలిచాడు. ఎవరితో కలిసి కూర్చోవాలి అన్న కొరింథు ప్రశ్న పద్దెనిమిది వందల ఏళ్ల తరువాత ఒంగోలులో మళ్లీ లేచింది.

6. సారాంశం

తొలి సంఘానికి ఇల్లు కేవలం తలదాచుకునే చోటు కాదు. ఎవరు లోపల, ఎవరు బయట అనే ప్రశ్నను రోజూ ముందుంచిన చోటు. సజావుగా సాగిన కూడికలు చాలావరకు ఆధారాలు మిగల్చలేదని, మిగిలినవాటిలో కలహపు స్వరమే ఎక్కువగా వినిపిస్తుందని చరిత్ర విద్యార్థి గుర్తుంచుకోవాలి.

మాదిరి ప్రశ్నలు

1. కొరింథు భోజన వివాదానికి సామాజిక కారణాలను వివరించండి.
2. ప్లినీ, జస్టిన్‌ల సాక్ష్యాలను పోల్చండి. ఎవరు, ఎవరికోసం, ఎందుకు రాశారో గమనించండి.
3. మీ ఊళ్లో ఇళ్లలో జరిగే ప్రార్థన, భజన లేదా మరే కూడికలోనైనా ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ముందుగా ఎవరికి వడ్డిస్తారో పరిశీలించి ఒక పేజీ రాయండి.