పరీక్షాభయము – మన ప్రాంతపు చదువుల చరిత్ర



వేసవి వచ్చినదనిన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెము ప్రాంతములందు రెండు ప్రసంగములు తరచుగా వినవచ్చును. ఒకటి యాసంగి వడ్ల ధర. రెండవది పిల్లల పరీక్షా ఫలితము. వడ్ల ధరను గూర్చి రచ్చబండమీద అందరును బాహాటముగా మాటలాడుదురు. ఫలితమును గూర్చి మాత్రము ఇంటిలోపల, గొంతు తగ్గించి మాటలాడుదురు. మనవడు గట్టెక్కునా? ఎన్ని మార్కులు వచ్చును? విశ్వవిద్యాలయమున చోటు దొరకునా? ఈ ప్రశ్నలతో తల్లిదండ్రులకు నిద్ర పట్టదు. పిల్లవానికి అన్నము సహింపదు.

నేను చరిత్ర చదువుకొన్నవాడను గాని జ్యోతిష్కుడను గాను. ఎవరికి ఏ చోటు దొరకునో చెప్పజాలను. అయితే ఈ భయమునకు గూడ ఒక చరిత్ర కలదు. నూరేండ్లుగా మన పిల్లలు విశ్వవిద్యాలయపు వాకిట ఏ కారణముల చేత నిలిచిపోయిరో, ఆ అడ్డంకులు ఎట్లు తొలగెనో తెలిసికొన్నయెడల, నేటి మార్కుల పత్రమునకు ఎంత విలువ నీయవలయునో మనకు బోధపడును. ఆ చరిత్రను సంగ్రహముగా మనవి చేసెదను.

మన తాలూకాలు పూర్వము నిజాము రాజ్యములోని నల్లగొండ జిల్లాకు చెందినవి. 1917 వ సంవత్సరమున విశ్వవిద్యాలయ స్థాపనకు నిజాము ప్రభువు ఫర్మానా నొసగెను. 1918 లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడెను. 1919 ఆగష్టు 28 వ తేదీన 225 మంది విద్యార్థులతో తరగతులు ప్రారంభమయ్యెను. అంతకు పూర్వము మన దేశమున విశ్వవిద్యాలయములలో పెక్కు ఆంగ్లమునందే బోధించెడివి. గణితము, రసాయన శాస్త్రము, వైద్యము మున్నగు వానిని దేశభాషలో విశ్వవిద్యాలయ స్థాయిలో బోధింపవచ్చునని ఉస్మానియా నిరూపించెను. అందులకై తర్జుమా శాఖ నొకదానిని నెలకొల్పి, పండితులను రప్పించి, గ్రంథములను వ్రాయించిరి. ఆ కార్యము గొప్పదనుటలో సందేహము లేదు.

కాని ఆ దేశభాష ఉర్దూ. రాజ్యమునందలి ప్రజలలో సుమారు సగము మంది ఇండ్లలో తెలుగు మాటలాడుచుండిరి. మరాఠీ, కన్నడము మాటలాడువారు వేరుగా నుండిరి. మన పల్లె బాలుడు మొదటి కొద్ది తరగతులు తెలుగున చదివి, పై తరగతులకు పోగానే లెక్కలు, చరిత్ర, భూగోళము సమస్తమును ఉర్దూలో నేర్వవలసి వచ్చెను. దానికి తోడు ఆంగ్లమును తప్పనిసరి. ఇంటిలో నొక భాష, బడిలో నొక భాష, ఇంకొక భాష పరీక్షకు! ఆ పిల్లవాడు పరీక్ష తప్పినచో బుద్ధి చాలలేదనిరి. వాని బుద్ధికి లోపము లేదు. ప్రశ్న తెలిసిన భాషలో ఎదురుపడలేదు, అంతియే.

ఇందులకు మన కోదాడ ప్రాంతమే మంచి నిదర్శనము. కోదాడకు కొద్ది కోసుల దూరముననున్న మునగాల పరగణా నాలుగు దిక్కుల నిజాము రాజ్యముచే చుట్టబడియుండియు, ఆంగ్ల ప్రభుత్వపు కృష్ణా జిల్లాకు చెందియుండెను. మునగాల బాలునికి మద్రాసు విశ్వవిద్యాలయపు మార్గము, కోదాడ బాలునికి హైదరాబాదు మార్గము. ఇరువురును ఒకే వాన నీటితో పండిన జొన్నన్నము తినినవారు, ఒకే మాట మాటలాడువారు. పొలిమేర రాయి ఏ వైపున పుట్టినదానిని బట్టి వారి పరీక్షయు, దాని భాషయు నిర్ణయింపబడెను. హైదరాబాదులో నిజాము కళాశాల యనునది 1887 నుండి మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నుండి ఆంగ్లమున బోధించుచుండెను గాని, పల్లెటూరి రైతుబిడ్డకు అది అందని పండు.

ఈ స్థితిని మన పెద్దలు చేతులు ముడుచుకొని చూచుచుండలేదు. ఆ మునగాల ప్రభువే, రాజా నాయని వేంకట రంగారావు గారు, తమ దివానుగా నుండిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులు గారితోడను, రావిచెట్టు రంగారావు గారితోడను గలసి, 1901 సెప్టెంబరు 1 వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమును స్థాపించిరి. 1906 లో విజ్ఞానచంద్రికా మండలి వెలసి చరిత్రను, శాస్త్రములను తెలుగున ముద్రించి చవుకగా అందించెను. బడిలో దొరకని తెలుగు చదువు గ్రంథాలయమున దొరకెను.

1921 నవంబరు 12 వ తేదీన ఆంధ్ర జనసంఘము పుట్టెను. హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఇతర భాషలవారు మాటలాడగా సహించిన సభ్యులు, అల్లంపల్లి వేంకట రామారావు గారు తెలుగున మాటలాడబోగా అల్లరి చేసి కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే తెలుగువారు కొందరు కూడి సంఘమును నెలకొల్పిరి. అది క్రమముగా ఆంధ్ర మహాసభగా పెరిగి, 1930 లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతను మొదటి సమావేశము జరుపుకొనెను. 1941 నాటి మహాసభ మన కోదాడ చెంతనున్న చిలుకూరిలోనే, రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతను జరిగెను. మాతృభాషలో చదువు కావలెనన్నది ఈ మహాసభల కోరికలలో ముఖ్యమైనది.

ఆడుపిల్లల సంగతి చెప్పవలెను. 1928 లో మాడపాటి హనుమంతరావు పంతులు గారును వారి మిత్రులును హైదరాబాదులో తెలుగున బోధించు బాలికల పాఠశాలను ప్రారంభించిరి. ఉర్దూ మాధ్యమము కాదు గనుక ఉస్మానియా దానిని గుర్తింపలేదు. గుర్తింపు లేని బడిలో చదివిన పిల్ల పరీక్ష ఎక్కడ వ్రాయవలెను? వారు వెనుకకు తగ్గలేదు. మహారాష్ట్రమున కార్వే పండితుడు 1916 లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయముతో సంబంధము కల్పించి, మన బాలికలచే ఆ పరీక్షలు వ్రాయించిరి. దగ్గరి తలుపు మూసియున్నందున దూరపు తలుపు తట్టిరన్నమాట.

భాష తరువాతి అడ్డంకి బస. పల్లెనుండి పట్టణమునకు పోయిన పిల్లవాడు ఎక్కడ తినవలెను, ఎక్కడ పండుకొనవలెను? 1918 లో రాజా బహదూరు వేంకట రామారెడ్డి గారు హైదరాబాదులో రెడ్డి విద్యార్థి వసతి గృహమును నెలకొల్పిరి. మన సూర్యాపేటలో బొమ్మగాని ధర్మభిక్షము గారు విద్యార్థి దశలోనే తోటి పిల్లలకై వసతి గృహమును నడపిరి. చందాలు ప్రోగుచేసి, బియ్యము సేకరించి, భిన్నకులముల పిల్లలను ఒక పంక్తిని కూర్చుండబెట్టి అన్నము పెట్టిరి. ఆ వసతి గృహమునుండి చదువరులే గాక ప్రజాసేవకులును వెలువడిరి. పుస్తకము ఎంత అవసరమో పూటకూడును అంతయే అవసరమని గ్రహించినవారు వారు.

తలుపు దాటి లోపలికి పోయినవారికైనను చోటు స్థిరము కాలేదు. 1938 వ సంవత్సరాంతమున ఉస్మానియా విద్యార్థులు తమ వసతి గృహములలో వందేమాతర గీతమును పాడిరని విశ్వవిద్యాలయమునుండి బహిష్కరింపబడిరి. అనేకులకు చదువు నడుమ తెగిపోయెను. తల్లిదండ్రుల దుఃఖమును ఊహింపుడు! అప్పుడు నాగపూరు విశ్వవిద్యాలయము ముందుకు వచ్చి వారిని చేర్చుకొనెను. అట్లు పోయినవారిలో వరంగల్లున చదువుచున్న పాములపర్తి వేంకట నరసింహారావు గారొకరు. ఆయన తరువాత 1971 లో ముఖ్యమంత్రియై, ఆ సంవత్సరము నవంబరు నెలలోనే నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాలను ప్రారంభింపజేసిరి. బీద యింట పుట్టిన చురుకైన పల్లె పిల్లలకు అన్నము, వస్త్రము, పుస్తకము ఇచ్చి చదివించు విద్యాలయమది. 1991 లో ఆయన దేశమునకు ప్రధానమంత్రి యయ్యెను. పందొమ్మిదేండ్లు నిండకముందే చదువు తెగినదని చెప్పించుకొన్న బాలుని కథ యిది.

1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. ఉస్మానియాలో ఉర్దూ స్థానమున ఆంగ్లము వచ్చెను. అంతవరకు కష్టించి ఉర్దూ నేర్చినవారు మరల మొదటికి వచ్చిరి. ఒక తరమువారి కష్టము ఒక ఉత్తరువుతో చెల్లకుండ పోయినది. 1956 లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సంవత్సరముననే నల్లగొండలో నాగార్జున కళాశాల ప్రారంభమయ్యెను. 1968 లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాలలకు తెలుగున పాఠ్యగ్రంథములు ప్రకటింపసాగెను. అరువది యేండ్లకు పైగా పూర్వము మునగాల రాజావారు కోరినది అప్పటికి నెరవేరెను.

1967 ఆగష్టులో నాగార్జునసాగరము కాలువలలో నీరు పారెను. ఎడమ కాలువ మిర్యాలగూడెము, హుజూర్‌నగరము, కోదాడ భూములను తడిపెను. మెట్ట చేలు మాగాణులయ్యెను. మిర్యాలగూడెమున బియ్యపు మిల్లులు వెలసెను. చేతిలో నాలుగు రూకలు ఆడగానే రైతు మొదట చేసిన పని పిల్లవానిని బస్సెక్కించి బెజవాడకో హైదరాబాదునకో పంపుట. ఆ రెండు పట్టణములను కలుపు రాజమార్గముననే సూర్యాపేటయు, కోదాడయు నున్నవి గదా! కాలువ నీటికిని కళాశాల చదువునకును గల ఈ సంబంధమును మీరు కన్నులార చూచినవారు.

చదువరులు పెరిగిరి. చోట్లు అంత త్వరగా పెరుగలేదు. అందువలన మూడవ అడ్డంకి వచ్చెను. దాని పేరు ర్యాంకు. విరాళముల పేరిట సీట్లమ్ముట నిషేధించుచు 1983 లో శాసనము వచ్చినది. ఆ దశాబ్దముననే ఇంజనీరింగు, వైద్య విద్యలకు ఉమ్మడి ప్రవేశపరీక్ష స్థిరపడెను. దాని ఉద్దేశము మంచిదే. ధనికుని కొడుకును, కూలివాని కొడుకును ఒకే ప్రశ్నపత్రము వ్రాయుదురు. కాని దానితోపాటు శిక్షణాలయములు, అప్పులు, తెల్లవారుజామునుండి అర్ధరాత్రి వరకు చదివించు వసతి గృహములు పుట్టుకొచ్చెను. తాతకు భాష అడ్డమైనది, తండ్రికి దూరము అడ్డమైనది, మనవనికి అంకె అడ్డమైనది.

ఆ అంకెను గూర్చి రెండు యథార్థములు చెప్పెదను. మొదటిది, అంకెకు విలువ కట్టు నియమము మనుష్యులు చేసినది, మనుష్యులే మార్చెదరు. ఇంజనీరింగు ప్రవేశ ర్యాంకులో ఇంటర్మీడియట్ మార్కులకు నూటికి 25 వంతుల లెక్క యుండెడిది. 2023 లో తెలంగాణ ప్రభుత్వము దానిని తీసివేసెను. 2021 లో మహమ్మారి కారణమున రెండవ సంవత్సరపు పరీక్షలే జరుగలేదు. ఆ యేడు ఆలస్యముగా జరిగిన మొదటి సంవత్సరపు పరీక్షలో సగము మందికి పైగా తప్పగా, వారినందరిని కనీస మార్కులతో ఉత్తీర్ణులను జేసిరి.

రెండవది, అంకె తప్పు కావచ్చును. 2019 ఏప్రిల్ 18 వ తేదీన వెలువడిన ఇంటర్మీడియట్ ఫలితములలో, పరీక్ష వ్రాసిన తొమ్మిది లక్షలకు పైగా విద్యార్థులలో మూడు లక్షలకు పైగా తప్పినట్లు ప్రకటించిరి. ఒక బాలికకు తెలుగున సున్న చూపబడెను. తిరిగి చూడగా 99 అని తేలెను. తప్పినవారి పత్రములన్నియు మరల పరిశీలింపగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరి. అయితే ఆ దిద్దుబాటు వచ్చులోగా రాష్ట్రమున ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. కాగితము దిద్దబడెను. ఆ పిల్లలు తిరిగి రాలేదు. ఈ మాట చెప్పుటకు నా గొంతు తడబడుచున్నది. అయినను పెద్దలకు చెప్పక తప్పదు.

కావున నా మనవి వినుడు. ఫలితము వచ్చిన దినమున పిల్లను ఒంటరిగా విడువకుడు. ప్రక్కింటి పిల్లతో పోల్చకుడు. ముందు అన్నము పెట్టి, పిదప కాగితము చూడుడు. అనుమానమున్నయెడల తిరిగి లెక్కించుటకు, తిరిగి పరిశీలించుటకు దరఖాస్తు చేయవచ్చును. తప్పినవారికి ఆ వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్ష కలదు. పిల్ల మాట తగ్గించినను, బ్రతుకు వ్యర్థమనినను, కోపింపక దగ్గర కూర్చుండుడు. 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో మనోవ్యథ వినువారు, తెలుగున మాటలాడువారు ఉన్నారు. ప్రభుత్వము 2022 నుండి ఆ సదుపాయమును నడుపుచున్నది.

చోటు విషయమున కూడ మన తాతల కాలము కాదిది. 1982 లో హైదరాబాదున వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశముననే మొదటిది. బడి చదువు నడుమ ఆగినవారిని సైతము అర్హతా పరీక్షతో అది చేర్చుకొనెను. 2007 లో నల్లగొండకే మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము వచ్చినది. 2019 లో సూర్యాపేటలోను, నల్లగొండలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. ఒకనాడు తలుపు తట్టుటకై మహారాష్ట్రము వరకు పోయిన మన పిల్లలకు నేడు జిల్లాలోనే తలుపులు కలవు.

ఈ చరిత్రలో ఏ అడ్డంకియు ఒంటరి విద్యార్థి కష్టముచేతనే తొలగలేదని గమనింపుడు. ఒకరు పుస్తకములిచ్చిరి, ఒకరు బియ్యమిచ్చిరి, ఒకరు బడి పెట్టిరి, పరాయి ప్రాంతపు విశ్వవిద్యాలయ మొకటి తలుపు తెరచెను. పిల్లవాడు చదువవలసినది చదువును. వాని వెనుక నిలువవలసినవారు మనము. ఈ వేసవిలో మీ యూరిలో ఏ యింటి పిల్ల యైన పరీక్ష తప్పినదని వినినయెడల, పెద్దలుగా మీరొకసారి ఆ యింటి గడప త్రొక్కి రండు. ఆ పిల్లను పేరుపెట్టి పిలిచి మాటలాడుడు.