ఇంటీరియర్ డిజైనర్ల సృజనకు గోప్యతా ఒప్పందం ఎంతవరకు రక్షణ?

కొత్తగా ఫ్లాటు కొన్నవారు ఇద్దరు ముగ్గురు ఇంటీరియర్ డిజైనర్లను పిలిపించి, త్రీడీ చిత్రాలూ కొటేషన్లూ తీసుకోవడం నగరాల్లో పరిపాటి. ఆ తరువాత వారిలో ఒకరి చిత్రాలను వడ్రంగి మేస్త్రీకి వాట్సాప్‌లో పంపి, అదే పనిని తక్కువ ఖర్చుతో చేయించుకోవడమూ కొత్త కాదు. గదిని కొలిచి, వెలుతురు చూసి, రోజుల తరబడి కూర్చుని గీసిన డిజైనరుకు చివరకు రూపాయి కూడా దక్కదు. పని ఖరారు కాకముందే సృజన చేతులు మారడం ఈ వృత్తికున్న ప్రత్యేక ఇబ్బంది. వ్యాపార వర్గాలు ఎన్‌డీఏ అని పిలిచే గోప్యతా ఒప్పందం అవసరమయ్యేది సరిగ్గా ఈ దశలోనే.

చట్టం రక్షణ ఇవ్వదా అంటే, కొంత ఇస్తుంది. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం డ్రాయింగులు, ప్లాన్లు ‘కళాత్మక కృతుల’ కిందకు వస్తాయి. గీసిన క్షణం నుంచే హక్కు ఏర్పడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కాగితం మీది బొమ్మను త్రిమితీయ రూపంలో తయారు చేసే హక్కు సైతం సెక్షన్ 14 ప్రకారం హక్కుదారుదే. అయితే కాపీరైట్ వ్యక్తీకరణకే తప్ప ఆలోచనకు వర్తించదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో స్పష్టం చేసింది. వంటగదికీ భోజనాల గదికీ మధ్య గోడ తీసేసి అక్కడ పుస్తకాల అర అమర్చాలన్న ఊహను మరొకరు తమదైన రీతిలో గీసుకుంటే కాపీరైట్ చట్టం పెద్దగా చేయగలిగింది లేదు.

ఆ ఖాళీని పూరించేది గోప్యతా బాధ్యత. 2003లో జీ టెలిఫిల్మ్స్, సన్‌డయల్ కమ్యూనికేషన్స్ సంస్థల మధ్య వివాదంలో బాంబే హైకోర్టు ఈ తేడాను వివరంగా చర్చించింది. నమ్మకంతో వెల్లడించిన ఒక టీవీ ధారావాహిక ఆలోచనకు కాపీరైట్‌తో నిమిత్తం లేకుండానే రక్షణ లభిస్తుందని, ఆ ఆలోచన తగినంత నిర్దిష్టంగా రూపుదిద్దుకుని ఉండాలని పేర్కొంది. డిజైనర్లకు ఇందులో పాఠం ఉంది. ‘సంప్రదాయ శైలిలో పూజగది’ అని మాటల్లో చెప్పినది నిలవదు. కొలతలు, రంగులు, సామగ్రితో సహా తేదీ వేసి ఇచ్చిన పత్రం నిలుస్తుంది.

భారతదేశంలో వ్యాపార రహస్యాల కోసం ఇప్పటికీ ప్రత్యేక చట్టం లేదు. అలాంటి చట్టం తేవాలని లా కమిషన్ 2024 మార్చిలో తన 289వ నివేదికలో సిఫారసు చేసింది. అంతవరకూ రాతపూర్వక ఒప్పందమే ప్రధాన ఆధారం.

ఒప్పందంలో ఏముండాలి?

రహస్యం ఏదన్నది ముందుగా తేల్చాలి. ‘డిజైనర్ ఇచ్చిన సమస్త సమాచారం’ అని రాసుకోవడం సులువే గానీ, వివాదం వచ్చినప్పుడు అది బలహీనపడుతుంది. డ్రాయింగుల సంఖ్య, త్రీడీ ఫైళ్లు, సామగ్రి జాబితా, ధరల పట్టిక విడివిడిగా పేర్కొనడం మేలు. వాటిని ప్రతిపాదన పరిశీలనకే వాడాలని, డిజైనర్‌ను నియమించుకోకపోతే వేరే కాంట్రాక్టరుకు చూపరాదని, ఫైళ్లను తొలగించాలని రాయాలి. గడువు ఎంతో చెప్పాలి. అప్పటికే బహిరంగంగా ఉన్న విషయాలకు, న్యాయస్థానం అడిగినప్పుడు వెల్లడించాల్సిన వాటికి మినహాయింపు ఉండాలి.

ఉల్లంఘిస్తే పది లక్షలు కట్టాలని రాసుకున్నంత మాత్రాన ఆ మొత్తం చేతికి రాదు. కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 74 ప్రకారం న్యాయస్థానం ఆ పరిమితికి లోబడి సమంజసమైన పరిహారం మాత్రమే ఇప్పిస్తుంది. అలాగే ఉద్యోగం మానేసిన సిబ్బంది మరెక్కడా డిజైనర్‌గా పనిచేయరాదన్న షరతు అదే చట్టంలోని సెక్షన్ 27 ముందు నిలబడదు. పాత సంస్థ ఫైళ్లను వెంట తీసుకుపోరాదన్న షరతు వేరు. దానికి ఆ అడ్డంకి లేదు.

చాలామంది పట్టించుకోని చిక్కు మరొకటుంది. త్రీడీ చిత్రాలను బయటి ఫ్రీలాన్సర్ల చేత చేయించే స్టూడియోలు అనేకం. ఉద్యోగి గీసినదానికి వేరే ఒప్పందం లేకపోతే యజమానే తొలి హక్కుదారు. ఫ్రీలాన్సర్ గీసినదానికి మాత్రం సాధారణంగా ఆ ఫ్రీలాన్సరే హక్కుదారు. సంతకంతో కూడిన రాతపూర్వక బదలాయింపు లేనిదే ఆ హక్కు స్టూడియోకు రాదు. బదలాయింపు పత్రంలో కాలపరిమితి రాయకపోతే సెక్షన్ 19 ప్రకారం దాన్ని అయిదేళ్లుగానే పరిగణిస్తారు. ఖాతాదారుతో గట్టి ఒప్పందం చేసుకుని, సొంత చిత్రాల మీద హక్కు లేకుండా మిగిలిపోవడం విచిత్రమే అయినా అసాధ్యమేమీ కాదు.

సొంతంగా కుర్చీలు, దీపాలు రూపొందించి అమ్మేవారికి గోప్యత ఇంకా ముఖ్యం. డిజైన్ల చట్టం, 2000 కింద రిజిస్టర్ చేస్తే మొదట 10 ఏళ్లు, పొడిగింపుతో మొత్తం 15 ఏళ్ల రక్షణ లభిస్తుంది. కానీ దరఖాస్తుకు ముందే ఆ రూపం బయటపడితే కొత్తదనం పోయినట్టే. నమ్మకంతో ఒకరికి చూపినదాన్ని, లేదా నమ్మకద్రోహంతో బయటపెట్టినదాన్ని ప్రచురణగా లెక్కించరాదని సెక్షన్ 16 చెబుతోంది. ఆ నమ్మకాన్ని రుజువు చేసేందుకు సంతకం చేసిన కాగితం పనికొస్తుంది. రిజిస్టర్ చేయించుకోగలిగీ చేయించుకోని డిజైనును పారిశ్రామికంగా 50 సార్లకు మించి ఉత్పత్తి చేస్తే కాపీరైట్ సైతం పోతుంది.

గోప్యత ఒకవైపుది మాత్రమే కారాదు. ఇంటి నమూనా, లాకరు అమర్చిన చోటు, కెమెరాల స్థానాలు డిజైనరుకు తెలుస్తాయి. పని పూర్తయ్యాక ఫొటోలను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టవచ్చా, ఏ గదులవి పెట్టవచ్చు అన్నది ముందే రాసుకుంటే ఖాతాదారులు సంతకానికి వెనుకాడరు.

ఒప్పందాన్ని తగిన స్టాంపు పత్రంపై రాసుకోవాలి. లేకపోతే సుంకం, జరిమానా చెల్లించేవరకూ దాన్ని సాక్ష్యంగా స్వీకరించరు. వాట్సాప్ సందేశాలు, ఈమెయిళ్లు సాక్ష్యాలే అయినా వాటి ప్రతులకు 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. చిత్రాలను పంపిన తరువాత కాకుండా, పంపకముందే సంతకం తీసుకోవాలి.