ఔత్సాహికుని మహాసంవత్సరము: 1930

గోల్ఫు చరిత్రలో 1930వ సంవత్సరము బాబీ జోన్సు సంవత్సరముగా ప్రసిద్ధి చెందినది. మే నెలాఖరు మొదలు సెప్టెంబరు నెలాఖరు వఱకు గల నాలుగు మాసములలో బ్రిటిషు అమెచ్యూర్, బ్రిటిషు ఓపెన్, అమెరికా ఓపెన్, అమెరికా అమెచ్యూర్ అను నాలుగు మహాస్పర్ధలను ఒక్కడే గెలుచుట అంతకు ముందు ఎవ్వరికిని సాధ్యము కాలేదు. తరువాతను మఱి యెవ్వరికిని సాధ్యము కాలేదు. ఆ విజేత ఆటను జీవనోపాధిగా గైకొన్నవాడు కాడు. జార్జియా రాష్ట్రమందలి అట్లాంటా నగరములో న్యాయవాదవృత్తి నెఱపుచుండిన 28 ఏండ్ల యువకుడు. అందుచే ఈ విజయమును ఔత్సాహిక ధర్మమునకు జరిగిన పట్టాభిషేకముగా కీర్తించుట పరిపాటి యైనది. ఆ కీర్తి న్యాయమైనదే. అయినను ఆ సంవత్సరమును ఆద్యంతము పరికించినచో, ఆటనే నమ్ముకొని బ్రతికిన వృత్తిక్రీడాకారుల విద్యయు, పోటీయు లేనిదే ఆ పట్టాభిషేకము జరిగియుండెడిది కాదని స్పష్టమగును.

ఆ కాలమున ఈ రెండు వర్గముల నడుమ గోడ బలముగనే యుండెను. వృత్తిక్రీడాకారుడు క్లబ్బునకు ఉద్యోగి. సభ్యులకు ఆట నేర్పుట, కర్రలు తయారుచేయుట, విఱిగినవానిని బాగుచేయుట అతని పని. గొప్ప స్పర్ధలలో విజేతగా నిలిచినవానికి సైతము అనేక క్లబ్బు భవనములలోనికి ప్రవేశము లేకుండెను. 1920లో ఇంగ్లండులోని డీల్ మైదానమున వాల్టర్ హేగన్, తనకు ప్రవేశము నిరాకరించిన క్లబ్బు వాకిటనే తన మోటారుకారు నిలిపించి, దానినే దుస్తులు మార్చుకొను గదిగా వాడుకొనెను. ఆ యేడే అమెరికాలోని టొలీడో నగరపు ఇన్వర్నెస్ క్లబ్బు వృత్తిక్రీడాకారులకు తన ద్వారములు తెఱవగా, వారందఱు కృతజ్ఞతాసూచకముగా ఒక పెద్ద గడియారమును ఆ క్లబ్బునకు బహూకరించిరి. ఔత్సాహికునికి కట్టుబాట్లు మఱియొక తీరుగా ఉండెను. 1913లో అమెరికా ఓపెన్ గెలిచి దేశమంతటను మన్ననలందిన ఫ్రాన్సిస్ విమెట్ క్రీడాసామగ్రి దుకాణము పెట్టినందులకే కొంతకాలము ఔత్సాహిక హోదాను కోల్పోయెను. ఒకరికి గౌరవము కొఱవడగా, మఱియొకరికి ఆటతో లేశమైనను సంబంధము గల సంపాదన నిషిద్ధమయ్యెను.

జోన్సు బాల్యము అట్లాంటాలోని ఈస్ట్ లేక్ మైదానమున గడచెను. అక్కడ ఆట నేర్పు ఉద్యోగి స్టూఅర్ట్ మెయిడెన్; స్కాట్లండు సముద్రతీరమందలి కార్నూస్టీ గ్రామము నుండి వచ్చినవాడు. ఆ బాలుడు అతనియొద్ద క్రమపద్ధతిలో పాఠములు చెప్పించుకొనలేదు. మైదానమంతయు అతని వెంట నడచుచు, అతడు నిలుచు తీరును, కర్ర త్రిప్పు తీరును కన్నులార చూచి అనుకరించెను. దూరము నుండి చూచువారు ఇద్దఱిని ఒకరిగా భ్రమించునంతటి సామ్యము వారి యాటలో ఏర్పడెను. ఔత్సాహికులలో అగ్రగణ్యుడైనవాని విద్య ఆ విధముగా ఒక వృత్తికారుని భిక్ష.

1930 ఆరంభము సైతము వృత్తికారులతోడి పోరుతోనే జరిగెను. ఫిబ్రవరిలో సవానా ఓపెన్ నందు హోర్టన్ స్మిత్ అను యువ వృత్తిక్రీడాకారుడు జోన్సును ఒక్క దెబ్బ తేడాతో ఓడించెను. పిమ్మట ఆగస్టాలో జరిగిన సౌత్ఈస్టర్న్ ఓపెన్ నందు జోన్సు 13 దెబ్బల తేడాతో గెలిచి దానికి సమాధానమిచ్చెను.

మే నెలాఖరున సెంట్ ఆండ్రూస్‌లో జరిగిన బ్రిటిషు అమెచ్యూర్ అతడు అంతకు ముందెన్నడును గెలువని స్పర్ధ. ఇందు మొత్తపు దెబ్బల లెక్క గాక, ఇరువురు ఎదురెదురుగా నిలిచి ఒక్కొక్క గుంతకు గెలుపోటములు తేల్చుకొందురు. అంతిమ పోరు దక్క తక్కినవన్నియు 18 గుంతల పోరులే గనుక, ఒక్క పూట ఆట తప్పినను మహావీరుడు సైతము ఇంటికి పోవలసినదే. సిరిల్ టాలీతో జరిగిన పోరు 18 గుంతలలో తేలక 19వ గుంతకు సాగెను. అక్కడ జోన్సు బంతి టాలీ బంతికిని గుంతకును నడుమ అడ్డుగా నిలిచెను. ఎదిరి బంతి అడ్డుపడినను దానిని తీయించు హక్కు ఆనాటి నియమములలో లేదు. ఆ నియమము 1952లో గాని రద్దు కాలేదు. ఆ అడ్డు వలననే టాలీ ఓడెను. అంతిమ పోరులో జోన్సు రోజర్ వెథరెడ్‌ను సునాయాసముగా జయించెను. 1921లో ఇదే మైదానమున ఓపెన్ స్పర్ధను నడుమనే విడిచి, బంతిని చేతబట్టుకొని వెడలిపోయిన కుఱ్ఱవానికి ఈ విజయము ఎంతటి ప్రాయశ్చిత్తమో ఆ యూరి జనులెఱుగుదురు.

జూన్‌లో హోయ్‌లేక్‌నందు బ్రిటిషు ఓపెన్ జరిగెను. కడపటి ఆవృత్తిలో, అనగా నాలుగవ 18 గుంతల ఆటలో, 8వ గుంత యొద్ద, రెండు దెబ్బలలో పచ్చిక అంచునకు చేర్చిన బంతిని గుంతలో వేయుటకు జోన్సునకు మఱి యైదు దెబ్బలు పట్టెను. మూడవ ఆవృత్తిని 68 దెబ్బలలో ముగించి ముందంజ వేసిన ఆర్చీ కాంప్‌స్టన్ నాలుగవ దానిలో 82కు జాఱిపోయెను. జోన్సు మొత్తము 291. లియో డీగెల్, మెక్‌డొనాల్డ్ స్మిత్ అను వృత్తిక్రీడాకారులు చెఱి 293. ఈ మెక్‌డొనాల్డ్ స్మిత్ జన్మస్థలమును కార్నూస్టీయే యగుట విశేషము.

జులైలో మినియాపొలిస్ చెంతనున్న ఇంటర్‌లాకెన్ మైదానమున అమెరికా ఓపెన్ దుస్సహమైన యెండలో జరిగెను. మొదటి దినపు ఆట ముగియునప్పటికి జోన్సు కంఠబంధము చెమటకు తడిసి, ముడి ఊడదీయ వీలుగాక బిగిసిపోగా, అతని నీడవలె వెంటనుండు పత్రికారచయిత ఓ.బి. కీలర్ చాకుతో దానిని కోసి తీయవలసివచ్చెను. రెండవ దినమున 9వ గుంత యొద్ద నేలబారుగా దూసికొనిపోయిన బంతి కొలను నీటిపై పడి, మునుగక పైకెగసి, ఆవలి గట్టు చేరెను. మూడవ ఆవృత్తిలో 68 కొట్టి అయిదు దెబ్బల ఆధిక్యము సంపాదించినను, కడపట మెక్‌డొనాల్డ్ స్మిత్ 70తో దానిని దాదాపు హరించెను. 18వ పచ్చికపై సుమారు 40 అడుగుల దూరము నుండి జోన్సు నెట్టిన బంతి గుంతలో పడుటతో 287కు 289 అని లెక్క తేలెను. రెండు ఓపెన్లలోను స్మిత్ రెండేసి దెబ్బల దూరముననే ఆగిపోయెను. ఆ మహావిద్వాంసుడు తన జీవితమున ఈ రెంటిలో ఏ యొక్కటియు గెలువలేదు.

సెప్టెంబరులో ఫిలడెల్ఫియా దాపున నున్న మెరియన్‌నందు అమెరికా అమెచ్యూర్ జరిగెను. 1916లో 14 ఏండ్ల వయస్సున జోన్సు ఈ స్పర్ధలో తొలుత కాలిడిన తావు ఇదియే. 1924లో దీనిని మొదటిసారి గెలిచిన తావును ఇదియే. అంతిమ పోరులో యూజీన్ హోమన్స్‌ను ఓడించి, రెండవ ఆవృత్తి 11వ గుంత యొద్దనే ఆటను ముగించినప్పుడు, పొంగివచ్చు వేలాది జనము నుండి అతనిని కాపాడుటకు నౌకాదళ సైనికులు చుట్టును నిలువవలసివచ్చెను. నవంబరు 17వ తేదీన అతడు స్పర్ధల నుండి విరమించుచున్నట్లు ప్రకటించి, ఆట నేర్పు చలనచిత్రములకై వార్నర్ సంస్థతో ఒడంబడిక చేసికొని, ఔత్సాహిక హోదాను తానే త్యజించెను. ఆట ద్వారా ధనము గడింపదలచినవాడు ఆ హోదా మాటున దాగరాదని అతని నిశ్చయము. అతని విజయములకన్నను ఈ నిజాయితీయే నాకు పూజ్యముగా తోచును.

అచిరకాలములో కాలము మాఱెను. 1931లో అమెరికా ఓపెన్‌ను బిల్లీ బర్క్ ఉక్కుకాడల కర్రలతో గెలువగా, జోన్సు వాడిన హికరీ చెక్కకాడలు క్రమముగా మూలబడినవి. జోన్సు ఆగస్టాలో నెలకొల్పిన మైదానమున 1934లో ఆరంభమైన స్పర్ధ నేడు మాస్టర్స్ పేర లోకప్రసిద్ధము. దాని తొలి విజేత, సవానాలో అతనిని ఒక్క దెబ్బతో ఓడించిన హోర్టన్ స్మిత్. నేటి నాలుగు మహాస్పర్ధల లెక్కలో రెండు అమెచ్యూర్ స్పర్ధలకును చోటు లేదు. వాని స్థానమున మాస్టర్స్, పి.జి.ఏ. స్పర్ధలు నిలిచినవి. వృత్తికారుని శిఖరమున నిలుపు వేదికను ఔత్సాహికుడే కట్టి యిచ్చెను.

ఇచ్చిపుచ్చుకొనుటలోనే రెండు వర్గములును వృద్ధి పొందినవి. కావున 1930ని స్మరించునప్పుడు జోన్సు నామముతో పాటు, అతనికి ఆట చూపిన మెయిడెన్‌ను, అతని చేత శక్తిమేర ఆడించిన మెక్‌డొనాల్డ్ స్మిత్‌ను గూడ స్మరించుట చరిత్రకారునికి విధి. విజేతను మాత్రమే లెక్కించు చరిత్ర ఫలితముల పట్టికయే కాని చరిత్ర కాజాలదు.