ఓడ యెక్కుటకు ముందు

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల వారికి సముద్రము దూరము. గండిపేట చెరువే వారెరిగిన పెద్ద నీరు. అయినను చిన్న ఓడలో మహాసముద్రము దాటి చూడవలెనను వేడుక వారికిని కలుగవచ్చును. టిక్కెట్టు కొనుటకు ముందు తెలిసికొనదగిన పాఠ మొకటి మన చరిత్రలోనే కలదు.

1860 అక్టోబరులో ‘ట్రూరో’ అను ఓడ మద్రాసు రేవు విడిచినది. అందు 342 మంది ప్రయాణికులు. వారిలో తెలుగువారును కలరు. నెలకు పైగా సాగి నవంబరు 16న వారు నేటాలు సీమలోని డర్బను చేరిరి. అది నేటి దక్షిణాఫ్రికా. చెరకు తోటలలో కూలి, మొదట నెలకు పది షిల్లింగుల జీతము, పదియేండ్ల పిదప ఉచితముగా తిరుగు ప్రయాణము: కాగితముపై అంతయు సవ్యముగనే యున్నది.

1871లో మద్రాసునకు తిరిగివచ్చినవారు చెప్పిన కథ వేరు. జీతములు బిగబట్టిరి, కొరడాలతో కొట్టిరి అని వారు మొరపెట్టుకొనిరి. ఆ మొర వలననే నేటాలు ప్రభుత్వము 1872లో విచారణ సంఘమును నియమింపవలసి వచ్చెను. 1866లో ఆర్థిక మాంద్యముచే నిలిచిన కూలీల రవాణా, ఆ విచారణ ముగిసిన పిదప 1874లో గాని మరల సాగలేదు.

నేటి విహారికి అట్టి దురవస్థ లేదు. కాని ఓడ యెంతటిది, ఏ ఋతువున పోవును, అందు వైద్యుడు కలడా, ఛార్జీలో ఏమేమి చేరును, ప్రయాణము నడుమ ఆగినచో తిరిగి చేర్చు భారమెవరిది అని ముందుగా విచారింపవలెను. ఒడంబడిక చదివిన పిదపనే వ్రాలు చేయవలెను. అన్నింటికంటె, ఓడ యెక్కించువారి మాటతో తృప్తి చెందక, దిగివచ్చినవారిని అడుగుట మేలు.