సమురాయి అన్నపు గిన్నె



జపాను దేశపు సమురాయిలనగానే మనకు స్ఫురించునది పొడవైన కత్తి, వెనుదీయని పోరు. ఇటీవల పట్టణములయందు సమురాయిల నియమములని పేరు పెట్టి, వేకువ లేచుట, చన్నీట మునుగుట, సాముచేసి దేహమును గట్టిపరచుకొనుట ఆరోగ్యసూత్రములుగా బోధించువారు బయలుదేరినారు. బోధ మంచిదే. కాని ఆ వీరవంశములవారు దేహమును గూర్చి యేమి నేర్చిరో, యెక్కడ నేర్వక చెడిరో, ఆ సంగతి కత్తియొద్ద కంటె అన్నపు గిన్నెయొద్ద నెక్కువ తెలియుచున్నది. దానినే మీకు మనవి చేసెదను.

1615లో ఒసాకా కోట పడిన పిదప రెండువందల యేండ్లకు పైగా ఆ దేశమున పెద్ద యుద్ధములు మిక్కిలి అరుదయ్యెను. కత్తి నడుమున వ్రేలాడుచునే యున్నది. పని మాత్రము కచేరీలో లెక్కలు వ్రాయుట, పన్ను వసూలు చూచుట, కోటవాకిట కావలి యుండుట. జీతము బియ్యముగానే లెక్కించెడివారు. మన పల్లెలలో పూర్వము కళ్లమునందు మేర కొలిచిన పద్ధతి యెరిగిన మీకిది వింతగా తోచదు.

అట్టి కాలమున, 1630లో, దక్షిణముననున్న క్యూషూ ద్వీపమునందలి ఫుకువోకా సంస్థానములో కైబర ఎకికెన్ అనునతడు సమురాయి యింట జనించెను. బాల్యమునుండి రోగిష్ఠి. యౌవనమున ప్రభువు కోపమునకు గురియై యేడేండ్లు కొలువు లేక తిరిగెను. తరువాత మరల కొలువు దొరికెను. క్యోటో నగరమున విద్య యభ్యసించెను. వైద్యమును, ఓషధులను శోధించెను. 1713లో, ఎనుబది దాటిన వయసున, ‘యోజోకున్’ అను గ్రంథము రచించెను. ఆయుస్సును పోషించుకొనుటను గూర్చిన ఉపదేశమని దాని పేరునకు భావము. పండితులు చీనాభాషలో వ్రాయుట గౌరవమైన కాలమది. ఎకికెన్ సామాన్యులు చదువుకొను తేటమాటలలో వ్రాసెను. ఇందుకే ఆయనయెడ నాకు గౌరవము మెండు.

ఆ గ్రంథమున శూరత్వపు ప్రస్తావన యంతగా లేదు. ఎంత రుచియైన భోజనమైనను పదిపాళ్లలో ఎనిమిది తొమ్మిది పాళ్లకే చేయి కడుగుకొనవలెననెను. తిన్నవెంటనే కూలబడక కొన్నివందల అడుగులు నడువుమనెను. పగటినిద్ర వలదనెను. ఈ దేహము తలిదండ్రులిచ్చినది, దీనిని వ్యర్థపరచుట మన హక్కు కాదనెను. 1937 మొదలు 1945 వరకు జరిగిన యుద్ధములలో సమురాయి ధర్మమను పేర పడుచువాండ్రను చావునకు పురికొల్పినవారు ఈ వృద్ధుని మాటను తలపునకు తెచ్చుకొన్నట్లు కానరాదు. ఎనుబదిమూడేండ్లకును రాత్రివేళ సన్నని యక్షరములు చదువగలుగుచున్నాననియు, పన్నొక్కటియు రాలలేదనియు ఆయన తానే చెప్పుకొనెను. మరుసటి యేడు, 1714లో, స్వర్గస్థుడయ్యెను.

అయితే మితముగా తినిన మాత్రమున సరిపోవునా? ఏమి తినుచున్నామో చూడవలదా? సమురాయిలకు ఇక్కడనే చిక్కు వచ్చెను. 1635 నుండి సంస్థానాధీశులు ఏడు విడిచి యేడు రాజధానియైన ఎడో నగరమున, అనగా నేటి తోక్యోలో, పరివారముతో కాపురముండవలెనని శాసనము. ఊరిలో చిరుధాన్యములును, ముడిబియ్యమును తిన్న సమురాయి ఎడోలో తెల్లగా పాలిషుపట్టిన బియ్యము తినెను. అది గొప్పతనమునకు గురుతు. కొన్నాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కును, వాచును, గుండె దడదడలాడును. కొందరు ప్రాణములే విడిచిరి. స్వగ్రామమునకు మరలినచో నెమ్మదించును. కనుక దీనిని ‘ఎడో జబ్బు’ అనిరి. 1866లో 20 ఏండ్ల ప్రాయమున మరణించిన షోగును ఇయెమోచి సయితము దీని పాలబడెనని చరిత్రకారులు తలంచుచున్నారు.

దీనికే బెరిబెరి యని పేరు. ఇది మన కోస్తా ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఉత్తర సర్కారులలో ఈ వ్యాధిని కన్న మాల్కంసన్ అను కంపెనీ వైద్యుడు 1835లోనే మద్రాసున దీనిపై గ్రంథము ప్రకటించెను. ఉప్పుడు బియ్యము తినువారికి ఈ బాధ తక్కువ. వడ్లను ఉడికించునప్పుడు తవుడులోని సారము గింజలోనికి దిగును. మన యిండ్లలో దంపుడు బియ్యము తిన్న ముసలమ్మలకు ఈ శాస్త్రము తెలియదు. మేలు మాత్రము దక్కినది.

ఇక తకాకి కనెహిరో కథ. 1849లో సత్సుమా సంస్థానమున చిన్నతరగతి సమురాయికి జనించి, నౌకాదళ వైద్యుడై, 1875 నుండి 1880 వరకు లండనునందు చదివెను. 1882లో బయలుదేరిన ర్యూజో అను శిక్షణనౌకలో 376 మందికిగాను 169 మంది బెరిబెరిచే పడిపోయిరి; 25 మంది చనిపోయిరి. తకాకి పట్టుబట్టి 1884లో త్సుకుబా యను నౌకను అదే త్రోవను పంపించెను. ఆహారము మాత్రము మార్చెను: మాంసము, పాలు, రొట్టె. ఒక్కరును చావలేదు. నావికులకు రొట్టె రుచింపకపోగా, మరుసటి యేడు బియ్యమునందు యవలు కలిపించెను. మాంసకృత్తుల కొరతయే రోగకారణమని ఆయన నమ్మెను. అది సరికాదు, తవుడునందలి విటమిను లోపమే కారణమని తరువాత తేలినది. కారణము తప్పినను మందు కుదిరెను.

సైన్యమువారు వినలేదు. సైనిక వైద్యులలో ముఖ్యుడైన మోరి రింతారో, ఓగై యను పేర గొప్ప రచయిత, అతడును సమురాయి వైద్యవంశజుడే. ఈ రోగము సూక్ష్మజీవులవలన కలుగునను పక్షమును అతడు విడువలేదు. పైగా పేద రైతుబిడ్డలకు తెల్లని వరియన్నము రోజునకు కొలిచి పెట్టుట సైన్యపు ఘనత. యవలన్నము చెరసాల కూడని చిన్నచూపు. 1904-05 సంవత్సరముల రష్యా యుద్ధమున, ఆజ్ఞకు ఎదురాడని ఆ సేనలో రెండులక్షలకు పైగా బెరిబెరికి లోనైరి. రమారమి 27,000 మంది మరణించిరి. గుండుదెబ్బకు జంకనివారు కంచములోని దోషమునకు కూలిరి. నౌకాదళమునందు ఆ రోగము దాదాపు లేకుండెను.

యుద్ధము నడుచుచుండగానే సైన్యము బియ్యములో యవలు కలుపసాగెను. 1905లో ప్రభుత్వము తకాకికి బ్యారన్ బిరుదమొసగెను. జనులు కొంత ప్రీతితోను, కొంత పరిహాసముతోను ఆయనను ‘యవల బ్యారన్’ అని పిలిచిరి.