ప్రతి వ్రాసినవారు

నిరుడు కంప్యూటరు చెడిపోయి నా మూడేళ్ళ వ్రాతలు మాయమయ్యాయి. ప్రతి తీసిపెట్టుకోలేదు. సోమందేపల్లెలో ఆ రాత్రి నాకు గుర్తుకొచ్చింది తాటాకుల కాలం.

ఎడమచేత ఆకు, కుడిచేత ఇనుప గంటం. గీసినది చెరగదు, మసి పూస్తేనే అక్షరం కంటికి ఆనుతుంది. చెదలు, తేమ ఆకును తినేలోపు ఎవరో ఒకరు మరో ప్రతి వ్రాయకపోతే ఆ గ్రంథం అంతటితో సరి. పని ముగిశాక, తప్పులుంటే దిద్దుకొమ్మని చివరి ఆకుపై చదువరిని వేడుకోవడం లేఖకుల ఆచారం.

మా జిల్లాలోని కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. ఆయన పద్యాల ప్రతులను సి.పి.బ్రౌను సేకరించి, పండితుల సాయంతో పోల్చి చూసి, 1829లో 693 పద్యాలను అచ్చువేయించాడు. కడప బంగళాలో లేఖకులను సొంత సొమ్ముతో, అది చాలనప్పుడు అప్పుతో పోషించి, తాటాకు గ్రంథాలను కాగితానికి ఎక్కించాడు. 1852 నాటి ఆయన తెలుగు నిఘంటువుకు పునాది ఆ ప్రతులే.

మిత్రులారా, పనిముట్టు మారింది, గండం మారలేదు. వ్రాయడంతో పని సగమే పూర్తయినట్లు. ప్రతి తీసి మరోచోట దాచడం మిగతా సగం. ఇప్పుడు నేను ప్రతి ఆదివారం ఆ పని చేస్తున్నాను.

ఇందులో తప్పులుంటే దిద్దుకోగలరు.