ఎస్‌యూవీ (భారతదేశంలో)

స్పోర్ట్ యుటిలిటీ వెహికల్: నేలకు ఎక్కువ ఎత్తులో ఉండే అడుగుభాగం, నిటారు రూపం గల కార్ల తరగతి. మహీంద్రా స్కార్పియో (2002), రెనో డస్టర్ (2012) దీనిని పట్టణ కుటుంబాలకు చేరువ చేశాయి. 4 మీటర్ల లోపు కార్లకు పన్ను రాయితీ ఉండటంతో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ (2013), మారుతి విటారా బ్రెజా (2016) వంటి పొట్టి నమూనాలు వచ్చాయి. 2023-24లో దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో సగానికి పైగా ఎస్‌యూవీలు కలిసిన యుటిలిటీ రకానివే. గుంతలు, ఎత్తైన స్పీడ్ బ్రేకర్లు, వాననీరు నిలిచే వీధులు ఉన్నచోట ఈ మోజు అకారణం కాదు.

అయితే వీటిలో చాలావాటికి ముందు చక్రాలకే ఇంజిన్ శక్తి అందుతుంది; కొండదారి సామర్థ్యం ఎక్కువగా ప్రకటనల్లోనే. బరువు, గాలి నిరోధం వల్ల అదే ఇంజిన్ గల చిన్న కారు కంటే ఇంధనం ఎక్కువ తాగుతాయి. గురుత్వ కేంద్రం ఎత్తులో ఉండటంతో హఠాత్తు మలుపుల్లో బోల్తా ముప్పు అధికం. ఎత్తైన బానెట్ ముందున్న పసిపిల్లలు డ్రైవరుకు కనిపించకపోవచ్చు. ఢీకొంటే దెబ్బ పాదచారి కాళ్లకు బదులు ఛాతీకో తలకో తగలవచ్చు. రోజూ ఒక్కరే ఆఫీసుకు వెళ్లడానికైతే ఇది అవసరానికి మించిన బండి.